ఫ్యాక్టరీ కర్బన పద్దు రాయడం ఎలా? రొయ్యల ప్లాంటు, ఉప్పుడు మిల్లు, గ్రానైట్ యూనిట్ల వాళ్లకు

హెడ్డాఫీసు నుంచో, సరుకు కొనే విదేశీ కంపెనీ నుంచో ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. మీ ఫ్యాక్టరీ గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క నింపి శుక్రవారంలోపు పంపమంటారు. అకౌంట్స్ వాళ్లు కరెంటు బిల్లులు కూడతారు. జనరేటర్ చూసే మనిషి డీజిల్‌కి ఒక అంకె నోటిమాటగా చెబుతాడు. సాయంత్రానికి షీటు నిండిపోతుంది. తనిఖీకి వచ్చినాయన "ఈ డీజిల్ అంకె ఏ పుస్తకంలోదండీ?" అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

స్టోర్స్ రిజిస్టర్, కాటా చీటీలు, జనరేటర్ లాగ్‌బుక్, ఏసీ గ్యాస్ నింపినాయన బిల్లు సరిగా ఉంటే ఈ లెక్క రెండు రోజుల పని. అవి లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా దండగే. అందుకే కింద చెప్పేదాంట్లో సగం పైగా కాగితాల గురించే ఉంటుంది. ఉదాహరణలన్నీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కనిపించే యూనిట్లవి.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరు అడిగారు, ఏ నిబంధన కింద?

అడిగినవాళ్లను బట్టి లెక్క హద్దు మారుతుంది, ఫారం మారుతుంది, తప్పు చేస్తే పడే దెబ్బా మారుతుంది.

మొదటిది కేంద్రం 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం. దీన్ని ఇంధన సామర్థ్య బ్యూరో, అంటే బీఈఈ నడుపుతోంది. తప్పనిసరి జాబితాకు ఎంచుకున్న రంగాలు తొమ్మిది: అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, ఎరువులు, ఇనుము-ఉక్కు, పెట్రోకెమికల్స్, చమురు శుద్ధి, కాగితం, వస్త్రాలు. ఈ రంగాల్లో ఉన్న ప్రతి చిన్న యూనిటుకూ ఇది వర్తించదు. నోటిఫికేషన్‌లో మీ యూనిట్ పేరు ఉంటేనే మీ మీద బాధ్యత. పేరు ఉంటే ఒక టన్ను సరుకుకు ఇంత ఉద్గారం మించకూడదని లక్ష్యం ఇస్తారు. గుర్తింపు పొందిన ఏజెన్సీ చేత లెక్క తనిఖీ చేయించి నివేదిక ఇవ్వాలి. లక్ష్యం తప్పితే క్రెడిట్లు కొని పూడ్చాలి. అదీ చేయకపోతే క్రెడిట్ సగటు ధరకు రెండింతలు పర్యావరణ పరిహారం కట్టాలి. కృష్ణపట్నం చుట్టూ కనిపించే థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఈ తొమ్మిది రంగాల్లోకి రావు. అంత పొగగొట్టాలకే లేనిది మనకెందుకని అడిగేవాళ్లుంటారు, అడగాల్సిన ప్రశ్నే.

రెండోది సెబీ, అంటే స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ, పెట్టిన నిబంధన. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలి, 2022-23 నుంచి అది తప్పనిసరి. మీ యూనిట్ అలాంటి కంపెనీదైతే హెడ్డాఫీసు షీటు అందుకే వచ్చింది.

మూడోది కొనుగోలుదారు. మన రొయ్యల ప్లాంట్లకూ గ్రానైట్ యూనిట్లకూ ఎక్కువగా వచ్చేది ఇదే. చట్టం మిమ్మల్ని బలవంతం చేయకపోయినా ఆర్డర్ బలవంతం చేస్తుంది. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. యూరప్ వాళ్ల సరిహద్దు కార్బన్ పన్ను రొయ్యలకూ గ్రానైట్‌కూ ఉందని కొందరు కన్సల్టెంట్లు భయపెట్టి ఫీజు పెంచుతున్నారు. ఆ పన్ను పరిధిలో ఉన్నవి సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజన్. రొయ్య అందులో లేదు, బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకా లేదు.

ఏటా సెప్టెంబర్ 30లోపు కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే ఫారం-5 పర్యావరణ స్టేట్‌మెంట్ వేరే సంగతి. అది కర్బన నివేదిక కాదు. కానీ అందులో రాసిన ఉత్పత్తి, ఇక్కడ రాసిన ఉత్పత్తి ఒకటే ఉండాలి. తనిఖీ చేసేవాళ్లు మొదట పక్కపక్కన పెట్టి చూసేవి ఈ రెండే.

హద్దు గీయడం

ఏది మీ లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నది ఒక పేజీ మీద రాసి మేనేజర్ చేత సంతకం పెట్టించండి. రోజువారీ నడిపే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ల లెక్క అన్నది ఎక్కువమంది పాటించే సూత్రం.

కాంపౌండ్ లోపలున్న ప్లాంటు, ఐస్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజ్, క్యాంటీన్, సొంత వాహనాలు మీవే. పోర్టు దగ్గర అద్దెకు తీసుకున్న కోల్డ్ స్టోరేజ్‌ని మీ మనుషులే నడుపుతూ, కరెంటు బిల్లు మీరే కడుతుంటే అదీ మీదే. ఇంకొకరి గోదాములో టన్నుకింత అని అద్దె కట్టి సరుకు పెడితే అది మీ స్కోప్ 1 (మీ చోటే నేరుగా వెలువడేవి), స్కోప్ 2 (మీరు కొన్న కరెంటు వల్ల వచ్చేవి) లెక్కల్లోకి రాదు. చీమకుర్తి క్వారీలో పొక్లెయిన్ కాంట్రాక్టరుదే కానీ డీజిల్ మీ బంకు నుంచి పోస్తున్నారనుకోండి. ఆ పనిని మీ ఇంజినీరే నడిపిస్తుంటే మీ పద్దులో వేయండి, ఆ మాట హద్దు పేజీలో రాయండి. ఇలాంటి చోట ఏ పక్కకు వేసినా పెద్ద తప్పు కాదు. ఒక ఏడాది ఒక పక్కకు, మరుసటి ఏడాది రెండో పక్కకు వేస్తే తప్పు.

ఇందుకూరుపేట, విడవలూరు చెరువుల నుంచి రొయ్యలు తెచ్చే అద్దె వ్యాన్లు, చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల కరెంటు, మేత, ఇవన్నీ స్కోప్ 3, అంటే మీ హద్దు బయట ఇతరుల చేతిలో జరిగేవి. కిలో రొయ్యకు అసలు భారం అక్కడే ఎక్కువ. ఈ పద్దులో మాత్రం వాటిని కలపకూడదు.

ఏడాది అంటే ఏప్రిల్ నుంచి మార్చి. యూరప్ కొనుగోలుదారు జనవరి-డిసెంబర్ అడగవచ్చు. అందుకని మొదటినుంచీ నెలవారీగా రాసుకోండి, ఏ పన్నెండు నెలలు కావాలంటే అవి తీసివ్వొచ్చు.

పెన్ను పట్టుకుని ప్లాంటంతా తిరగండి

ఆఫీసులో కూర్చుని రాసిన జాబితాలో ఎప్పుడూ రెండు మూడు మూలాలు తప్పిపోతాయి. ఎలక్ట్రీషియన్ని, రిఫ్రిజిరేషన్ ఆపరేటర్ని వెంటబెట్టుకుని గేటు నుంచి మురుగునీటి ట్యాంకు దాకా నడవండి. మంట ఉన్న చోట, చల్లదనం పుట్టే చోట, నీరు కుళ్లే చోట, మీటరు ఉన్న చోట ఆగండి. జనరేటర్లు, అగ్నిమాపక డీజిల్ పంపు, ఫోర్క్‌లిఫ్ట్, కుకింగ్ లైను బాయిలర్, క్యాంటీన్ సిలిండర్లు, వెల్డింగ్ షాపులో ఎసిటిలిన్, ఆఫీసు ఏసీలు, చిల్ రూములు, కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపక సీసాలు, సబ్‌స్టేషన్ బ్రేకర్లు అన్నీ రాసుకోండి. బ్రేకర్ మీద ఎస్ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గ్యాసు) అని ఉంటే నేమ్‌ప్లేటు మీది గ్యాసు బరువు రాయండి. లీకైతే ఒక కిలో ఇరవై మూడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా లెక్కకొస్తుంది.

గ్రానైట్ యూనిట్ల వాళ్లకు ఇక్కడ ఒక ఊరట ఉంది. సిమెంటులో సున్నపురాయిని కాల్చినప్పుడు రాతి నుంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. గ్రానైట్ కార్బొనేటు రాయి కాదు, పైగా దాన్ని కాల్చడం లేదు, కోసి పాలిష్ చేయడమే. కాబట్టి రాయి నుంచి ఉద్గారం సున్నా. రాయి కోసే గ్యాంగ్‌సా యంత్రం కరెంటు, క్వారీ డీజిల్ సరిగా కడితే మీ పద్దు దాదాపు అయిపోయినట్టే.

కరెంటు: తప్పు యూనిట్లు ఎత్తి రాయడం

రొయ్యల ప్లాంటులో మొత్తం ఉద్గారాల్లో సింహభాగం కరెంటుదే. అందుకే ఇక్కడ చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది.

మన హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులో, అది నెల్లూరులో పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ఇచ్చినదైనా, ఒంగోలులో సీపీడీసీఎల్ ఇచ్చినదైనా, డబ్బు కట్టేది కేవీఏహెచ్ (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్) మీద. అకౌంట్స్ వాళ్లు డబ్బుకు ఎదురుగా ఉన్న ఆ అంకెనే ఎత్తి రాస్తారు. మనకు కావాల్సింది కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్), అంటే అసలు కాలిన యూనిట్లు. పవర్ ఫ్యాక్టర్ (కేడబ్ల్యూహెచ్‌ని కేవీఏహెచ్‌తో భాగిస్తే వచ్చేది) 0.97 ఉన్న ప్లాంటులో నెలకు 3,00,000 అసలు యూనిట్లు కాలితే బిల్లులో కేవీఏహెచ్ సుమారు 3,09,278 ఉంటుంది. ఏడాదికి ఈ తేడా 1,11,000 యూనిట్ల పైమాటే, అంటే దాదాపు 81 టన్నులు. ఏమీ కాల్చకుండానే అన్ని టన్నులు మీ నెత్తిన పడతాయి. రెండు రీడింగులూ బిల్లు మీద ఉంటాయి, సరైన వరుస చూసుకోండి. మీటరు దగ్గరి రీడింగు మీరే ఎత్తి రాస్తుంటే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో గుణించడం మరవొద్దు.

కప్పు మీద సోలార్ ఉండి నెట్ మీటరింగ్ ఉంటే బిల్లులో కనిపించే నికర యూనిట్లు తీసుకోకండి. గ్రిడ్ నుంచి లోపలికి వచ్చిన మొత్తం యూనిట్లే మీ లెక్క. మీరు గ్రిడ్‌కు పంపినవి అందులోంచి తీసేయకూడదు. సొంత సోలార్‌లో మీరే వాడుకున్నదానికి ఉద్గారం సున్నా, ఆ యూనిట్లు వేరే వరుసలో చూపండి.

యూనిట్లను టన్నులుగా మార్చడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రచురించే గ్రిడ్ గుణకం వాడాలి. 2023-24కి అది మెగావాట్ అవర్‌కు 0.727 టన్నులు, అంటే యూనిటుకు 0.727 కిలోలు. ఆ పుస్తకంలోనే ప్రాజెక్టుల కోసం ఇచ్చిన వేరే గుణకాలూ ఉంటాయి, వాటి జోలికి పోకండి. పాత షీటులో ఎవరో ఎప్పుడో వేసిన 0.82 ఇప్పటికీ చాలా చోట్ల తిరుగుతోంది. ముందు ఆ గడి చూడండి.

డీజిల్: కొన్నది వేరు, కాలింది వేరు

బంకు బిల్లులు కూడితే వచ్చేది కొనుగోలు. మీకు కావాల్సింది వాడకం. సూత్రం చిన్నదే: ఏప్రిల్ 1న ట్యాంకులో ఉన్నది, దానికి ఏడాది కొన్నది కలిపి, మార్చి 31న మిగిలినది తీసేయాలి. ట్యాంకులో ఎంతుందో డిప్ కర్రతో కొలిచి, చార్టు చూసి లీటర్లు రాసి, ఇద్దరు సంతకం పెట్టాలి. ఒక్కరి సంతకంతో కొలిచిన డిప్‌ని తనిఖీవాళ్లు పెద్దగా నమ్మరు.

మనవైపు తుఫాను రోజుల్లో జనరేటర్లు ఎడతెగకుండా తిరుగుతాయి. అప్పుడే బయటి నుంచి డ్రమ్ముల్లో డీజిల్ తెస్తారు, పెట్టీక్యాష్‌లో రాస్తారు, స్టోర్స్ పుస్తకంలోకి ఎక్కదు. నవంబర్, డిసెంబర్ నెలల పెట్టీక్యాష్ వోచర్లు తప్పక తిరగేయండి.

లెక్క సరిపోయిందో లేదో చూడ్డానికి సులువు మార్గం ఒకటుంది. మామూలు జనరేటర్ లీటరుకు సుమారు 3.3 నుంచి 3.5 యూనిట్లు ఇస్తుంది. 48,000 లీటర్లు కాలిందంటే జనరేటర్ మీటరు మీద లక్షన్నర పైచిలుకు యూనిట్లు కనిపించాలి. లక్షే కనిపిస్తే ఆ డీజిల్ వాహనాలకన్నా పోయుండాలి, లేదంటే బయటికన్నా పోయుండాలి. రెండో సంగతి మీ నివేదికకు సంబంధించింది కాదు గానీ యజమానికి పనికొస్తుంది.

టన్నులుగా మార్చేటప్పుడు లీటర్లను కిలోలు చేసి, కిలోలను వేడిమి చేసి, దాన్ని ఉద్గారం చేయాలి. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల ప్రకారం డీజిల్ నికర వేడిమి కిలోకు 43.0 మెగాజౌల్స్, ఉద్గారం టెరాజౌల్‌కు (పది లక్షల మెగాజౌల్స్‌కు) 74.1 టన్నులు. సాంద్రత లీటరుకు 0.83 కిలోలు అనుకుంటే లీటరుకు 2.64 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరును కిలోగా పొరబడి నేరుగా గుణిస్తే 3.19 వస్తుంది. మీ షీటులో లీటరు పక్కన 3.19 కనిపిస్తే ఈ తప్పు జరిగిందని గుర్తు.

ఏసీ గ్యాసు: చిన్న సిలిండర్, పెద్ద అంకె

అందరూ వదిలేసేది ఇదే. ప్లాంటులో పెద్ద కంప్రెసర్లు అమ్మోనియా మీద నడుస్తాయి. అమ్మోనియాకు భూతాపం లెక్కలో విలువ (ఒక కిలో వాయువు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమో చెప్పే అంకె) సున్నా. లీకైతే అది ప్రాణాల సంగతి, కర్బన పద్దు సంగతి కాదు. అమ్మోనియా ప్లాంటు కాబట్టి మాకు గ్యాసు లెక్క లేదని అక్కడితో ఆగిపోతారు. పక్కనే చిల్ రూముల్లో, సొంత ఇన్సులేటెడ్ బండ్ల యూనిట్లలో ఆర్-404ఏ అనే చల్లబరిచే గ్యాసు ఉంటుంది. దాని విలువ 3,943. అంటే ఒక కిలో లీకైతే దాదాపు నాలుగు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు.

కిలోలు ఎలా తెలుసుకోవాలి? నింపిన గ్యాసంతా అంతకుముందు లీకైన గ్యాసే. స్టోర్స్‌లో ఏడాది మొదట్లో ఉన్న గ్యాసుకు కొన్నది కలిపి, చివర్లో మిగిలింది, వెనక్కి ఇచ్చింది తీసేయండి. కొత్త యంత్రానికి మొదటిసారి ఎక్కించిన గ్యాసు యంత్రంలోనే ఉంటుంది కాబట్టి అదీ తీసేయండి. మిగిలిందంతా గాల్లోకి పోయినట్టే.

చిక్కు వచ్చేది టెక్నీషియన్ బిల్లుతో. "గ్యాస్ చార్జింగ్, 1 జాబ్" అని రాసి రేటు వేస్తాడు, కిలోలు రాయడు. ఇకమీదట అతను వచ్చినప్పుడు సిలిండర్‌ని నింపకముందు ఒకసారి, నింపాక ఒకసారి కాటా మీద పెట్టించండి. రొయ్యలు తూచే ప్లాట్‌ఫారం కాటా చాలు. తేడా బిల్లు మీద రాయించి, గ్యాసు పేరు కూడా రాయించి, అప్పుడే చెల్లింపు చేయండి. గడిచిన ఏడాదికి బిల్లుల్లో కిలోలు లేకపోతే అతని దగ్గరే రాతపూర్వకంగా అడిగి, "అంచనా" అని ముద్ర వేసి వాడండి.

ఆర్-22 అనే మరో ఏసీ గ్యాసు పాత యంత్రాల్లో ఇంకా కనిపిస్తుంది. అది మాంట్రియల్ ఒప్పందం కిందికి వచ్చే వాయువు కాబట్టి స్కోప్ 1 మొత్తంలో కలపరు, విడిగా చూపుతారు. కిలోకు 1,760. యార్డులో ప్లగ్ పెట్టిన రీఫర్ (శీతల) కంటైనర్ల గ్యాసు షిప్పింగ్ లైనుది, అది తాగిన కరెంటు మీది.

బాయిలర్: ఊక, బొగ్గు

ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక కాలుస్తారు. ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వరి పెరిగేటప్పుడు గాలి నుంచి తీసుకున్నదే కాబట్టి దాన్ని మొత్తంలో కలపరు, వేరే వరుసలో చూపుతారు. చాలామంది ఇక్కడితో ఆపి స్కోప్ 1లో సున్నా వేస్తారు. అది తప్పు. ఊక మంటలో పుట్టే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోనే వేయాలి. ఐపీసీసీ గుణకాలతో టన్ను ఊకకు ఈ రెండూ కలిపి 22 కిలోలు, విడిగా చూపే కార్బన్ డయాక్సైడ్ 1.16 టన్నులు.

సొంత ఊకకు కొనుగోలు బిల్లు ఉండదు. కాబట్టి వడ్ల నుంచి వెనక్కి లెక్కించాలి. 18,000 టన్నుల వడ్లు ఆడితే 20 శాతం చొప్పున 3,600 టన్నుల ఊక. కాటా చీటీల ప్రకారం 600 టన్నులు ఇటుక బట్టీలకు అమ్మితే కాలింది 3,000 టన్నులు. స్కోప్ 1లో 66 టన్నులు, విడిగా 3,480 టన్నులు. ఆ 20 శాతం ఎక్కడిదని అడుగుతారు. మీ మిల్లులోనే ఒక రోజు వడ్లు, బియ్యం, తవుడు, ఊక విడివిడిగా తూచి రాసిన కాగితం ఫైల్లో పెట్టుకోండి. పుస్తకంలో ఏముందన్నదానికంటే ఆ కాగితానికే విలువ.

బొగ్గు వాడే బాయిలర్ ఉంటే ల్యాబ్ రిపోర్టుతో జాగ్రత్త. రిపోర్టులో పైన పెద్దగా కనిపించే కేలరీల అంకె గాలికి ఆరబెట్టిన నమూనాది. మీ కాటా మీద తూగిన బొగ్గు తడిది. పోర్టు నుంచి వచ్చిన బొగ్గుకు రిపోర్టులో 5,500 కిలోకేలరీలు, మొత్తం తేమ 28 శాతం, ఆరిన నమూనాలో తేమ 14 శాతం ఉన్నాయనుకుందాం. అప్పుడు లారీలో వచ్చిన బొగ్గు విలువ 5,500 × (100 − 28) ÷ (100 − 14), అంటే 4,605. ఇది స్థూల విలువ. ఐపీసీసీ గుణకాలు నికర విలువకు ఇచ్చినవి, బొగ్గుకు ఆ తేడా సుమారు 5 శాతం. అది తీస్తే 4,375 కిలోకేలరీలు, అంటే కిలోకు 18.3 మెగాజౌల్స్. టెరాజౌల్‌కు 96.1 టన్నుల గుణకంతో టన్ను బొగ్గుకు 1.76 టన్నులు వస్తుంది. ఈ రెండు మెట్లూ ఎక్కకుండా 5,500నే పట్టుకుంటే 2.21 వస్తుంది. లేని ఉద్గారం నాలుగోవంతు మీ మీద పడుతుంది. ఏడాదికి నాలుగైదు వేల టన్నుల బొగ్గు కాల్చే యూనిటుకు అది రెండు వేల టన్నుల తేడా.

మురుగునీటి ట్యాంకు

రొయ్యల ప్లాంటు నీళ్లలో సేంద్రియ పదార్థం ఎక్కువ. గాలి బాగా అందే ట్యాంకులో మీథేన్ పుట్టదు, లెక్కలో సున్నా వేయొచ్చు. గాలి చాలకపోతే పుడుతుంది. రోజుకు 300 ఘనమీటర్ల నీరు, లీటరుకు 2,000 మిల్లీగ్రాముల సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సిజన్ అవసరంగా చెప్పే కొలత), 300 పని దినాలు అనుకుందాం. ఏడాదికి 1,80,000 కిలోల సీఓడీ. కిలోకు గరిష్ఠంగా 0.25 కిలోల మీథేన్, భారం మించి సరిగా నడవని ట్యాంకుకు ఐపీసీసీ ఇచ్చే గుణకం 0.3. రెండూ గుణిస్తే 13,500 కిలోల మీథేన్, దాన్ని మీథేన్ భూతాపం విలువ 28తో గుణిస్తే 378 టన్నులు.

ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్లు రోజంతా తిరిగితే సున్నా, తిరగకపోతే 378. కరెంటు ఆదా అని రాత్రిపూట బ్లోయర్లు ఆపేసి, నివేదికలో "పూర్తిగా గాలి అందించే శుద్ధి" అని రాస్తే తనిఖీకి వచ్చినాయన బ్లోయర్ గంటల మీటరు, కరిగిన ఆక్సిజన్ రిజిస్టర్ అడుగుతాడు. అవి లేకపోతే 0.3 వేయడమే నిజాయితీ.

కూడిక

2023-24కి ఒక రొయ్యల ప్లాంటు అనుకుని పూర్తిగా వేసి చూద్దాం. బ్లోయర్లు సరిగా నడిచాయి, రికార్డు ఉంది.

డీజిల్ 48,000 లీటర్లు: 39,840 కిలోలు, 1.713 టెరాజౌల్స్. కార్బన్ డయాక్సైడ్ 126.94 టన్నులు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిపి 0.42. మొత్తం 127.36 టన్నులు.
వంటగ్యాస్ 19 కిలోల సిలిండర్లు 620: 11,780 కిలోలు. 35.16 టన్నులు.
ఆర్-404ఏ: మొదట్లో 20, కొన్నది 60, చివర్లో 10, పోయింది 70 కిలోలు. 276.01 టన్నులు.
స్కోప్ 1 మొత్తం: 438.53 టన్నులు.
కరెంటు 36,00,000 యూనిట్లు: స్కోప్ 2 కింద 2,617.20 టన్నులు.
రెండూ కలిపి 3,055.73 టన్నులు. ఉత్పత్తి 4,000 టన్నులైతే టన్ను సరుకుకు 764 కిలోలు.

ఏడాదంతా చప్పుడు చేస్తూ, పొగ కక్కుతూ తిరిగే జనరేటర్ కంటే మూలన ఉన్న డెబ్బై కిలోల గ్యాసు రెండింతలకు పైగా లెక్కకొచ్చింది. ఈ ప్లాంటు వచ్చే ఏడాది ఒక్క పనే చేయగలిగితే అది చిల్ రూము పైపుల జాయింట్లు సబ్బునీళ్లతో పరీక్షించడం.

మీథేన్‌కు 28, నైట్రస్ ఆక్సైడ్‌కు 265, ఆర్-404ఏకు 3,943 అన్నవి ఐపీసీసీ ఐదో నివేదిక విలువలు. నాలుగోది, ఆరోది వాడితే అంకెలు మారతాయి. మీకు షీటు పంపినవాళ్లు ఏది అడిగారో అదే అన్నిచోట్లా వాడి, ఏది వాడారో నివేదిక మొదటి పేజీలో రాయండి. ఒక్కో వరుసకు ఒక్కో నివేదిక విలువ వేస్తే తనిఖీలో దొరికిపోతారు.

ఉత్పత్తి అంకెలోనూ ఒక మెలిక ఉంది. తలతో కొన్న రొయ్య బరువు, వలిచాక బరువు, ఐస్ గ్లేజుతో ప్యాక్ చేసిన బరువు మూడూ వేరు. గ్లేజు కలిపితే టన్నుకు ఉద్గారం తక్కువగా కనిపిస్తుంది. నికర బరువు వాడండి. ఇతరులకు జాబ్‌వర్క్ చేసిన సరుకునూ ఉత్పత్తిలో కలపండి, ఎందుకంటే దాని కరెంటు మీ మీటరులోనే కాలింది.

పంపేముందు, తనిఖీకి ముందు

నెలవారీ కరెంటును నెలవారీ ఉత్పత్తి పక్కన పెట్టి చూడండి. సీజన్ లేని నెలలో సరుకు సగమైనా కోల్డ్ స్టోరేజ్ కరెంటు అంతగా తగ్గదు, అది సహజం. సరుకు అంతే ఉండి కరెంటు రెండింతలైన నెల ఉంటే అక్కడ రీడింగో, గుణకమో తప్పింది. నిరుటితో పోల్చి పది శాతం మించి మారిన ప్రతి వరుసకు కారణం ఒక వాక్యంలో రాయండి. తనిఖీవాళ్లు మామూలుగా మొత్తంలో 5 శాతం తేడాను హద్దుగా పెట్టుకుంటారు. పై ప్లాంటుకు అది 150 టన్నులు. కేవీఏహెచ్ తప్పు ఒక్కటే అందులో సగం మింగేస్తుందని గుర్తుపెట్టుకోండి.

ఫైలు ఇలా కట్టండి: పైన హద్దు పేజీ, తర్వాత మూలాల జాబితా, ఒక్కో మూలానికి ఒక్కో విభాగం. విభాగంలో నెలవారీ పట్టిక, దాని వెనక పన్నెండు నెలల అసలు కాగితాలు. వాళ్లు ఏదో ఒక నెల పట్టుకుని చివరి అంకె నుంచి వెనక్కి బిల్లు దాకా నడుస్తారు. ఆ దారిలో ఎక్కడా చేతిరాత కాగితం ముక్క అడ్డు రాకూడదు. కాటాకు తూనిక కొలతల శాఖ స్టాంపింగ్ సర్టిఫికెట్, జనరేటర్ మీటరు క్యాలిబ్రేషన్ కాగితం కూడా అందులోనే పెట్టండి. అంచనా వేసిన ప్రతి అంకె దగ్గర ఎలా వేశారో, ఎవరు వేశారో ఉండాలి. అంచనా వేయడం నేరం కాదు. దాన్ని కొలతగా చూపించడమే ఇబ్బంది.

పంపాక తప్పు కనబడితే దాచకండి. సవరించిన షీటును తేదీతో, కారణంతో పంపండి. నిరుటి అంకెలోనూ అదే తప్పు ఉంటే నిరుటిదీ సరిచేసి పంపాలి, లేకపోతే ఏడాదిలో ఉద్గారం అమాంతం తగ్గినట్టు కనిపిస్తుంది. దానికి మీరు జవాబు చెప్పలేరు.

మార్చి 31 రాత్రి షిఫ్టు ఇన్‌చార్జి చేతికి ఒక కాగితం ఇవ్వండి. హెచ్‌టీ మీటరు కేడబ్ల్యూహెచ్ రీడింగు, సోలార్ మీటరు, జనరేటర్ యూనిట్లు, గంటలు, డీజిల్ ట్యాంకు డిప్, నిండు వంటగ్యాస్ సిలిండర్ల లెక్క, స్టోర్స్‌లోని ప్రతి ఏసీ గ్యాసు సిలిండర్ బరువు, ఊక లేదా బొగ్గు కుప్ప కొలత అందులో ఉండాలి. ఒక్కోదాని పక్కన ఫోన్‌తో ఫోటో తీయించి, ఇద్దరి చేత సంతకం పెట్టించండి. బిల్లు రీడింగు నెల మధ్యలో ఎప్పుడు తీసినా ఈ కాగితం ఉంటే ఏడాది హద్దు తేలిపోతుంది.